ఐమూలగా పడుకుంటేనే నిద్ర: తేలికైన హ్యామక్ కుట్టుకునే లెక్క

హ్యామక్‌లో, అంటే రెండు చివర్లా కట్టి వేలాడదీసే గుడ్డ ఊయలలో, మధ్యాహ్నం అరగంట నడుం వాల్చడం వేరు, రాత్రంతా నిద్రపోవడం వేరు. అరగంట కునుక్కి ఎలాంటి గుడ్డ కట్టుకున్నా సరిపోతుంది. రాత్రి నిద్రకు మాత్రం గుడ్డ పొడవు, కట్టిన వదులు, పడుకున్న తీరు మూడూ కలిసి రావాలి. నేను మొదట కొన్న హ్యామక్ 2.6 మీటర్లది. మడిస్తే రెండు గుప్పిళ్ళలో పట్టేది, అది చూసే కొన్నాను. మారేడుమిల్లి దగ్గర తెలిసినవాళ్ళ తోటలో రెండు చెట్లకు కట్టి పడుకుంటే అర్ధరాత్రికల్లా నడుం పట్టేసింది. మోకాళ్ళు వెనక్కి విరుస్తున్నట్టు నొప్పి. భుజాలు రెండూ దగ్గరికి నొక్కుకుపోయాయి. తెల్లవారుజామున దిగిపోయి నేల మీద దుప్పటి పరుచుకున్నాను. చాలామంది ఇక్కడే “ఇది మన ఒంటికి పడదులే” అనుకుని దాన్ని అటక మీద పెట్టేస్తారు. అలా వదిలేసినవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అక్కడ దెబ్బతీసింది వాళ్ళ నడుం కాదు, గుడ్డ కొలత.

ఇంట్లో కుట్టుమిషన్ ఉండి, తిన్నగా కుట్టు వేయడం వస్తే చాలు, అరకిలోకి అటూ ఇటూ బరువులో హాయిగా నిద్రపట్టే హ్యామక్‌ని ఎవరైనా తయారు చేసుకోవచ్చు. సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్ళు ఎక్కువగా బరువు దగ్గర మొదలుపెడతారు. ఎంత పల్చటి గుడ్డ దొరుకుతుంది, ఎంత చిన్న సంచిలో పడుతుంది అని వెతుకుతారు. ఆ వరసని తిరగేయాలి. ముందు పొడవు తేల్చుకోవాలి, తర్వాత వదులు, ఆ తర్వాతే బరువు.

చీర ఉయ్యాల పెద్దవాళ్ళకు ఎందుకు పనికిరాదు

మన ఇళ్ళలో దూలానికి పాత చీర కట్టి బిడ్డను పడుకోబెడతారు. అందులో బిడ్డకు బ్రహ్మాండంగా నిద్ర పడుతుంది. బిడ్డ ఎలాగూ ముడుచుకునే పడుకుంటుంది, చీర కూడా ముడుచుకున్న ఆకారంలోనే వేలాడుతుంది కాబట్టి రెండిటికీ పేచీ లేదు. ఐదున్నర అడుగుల మనిషిని అలాగే పడుకోబెడితే వెన్ను విల్లులా వంగిపోతుంది. రోడ్డు లేని ఏజెన్సీ గ్రామాల నుంచి రోగుల్ని, నిండు గర్భిణుల్ని కర్రకు కట్టిన డోలీలో మోసుకొస్తున్న దృశ్యాలు మనం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. ఆ మనుషుల బాధలో డోలీ ఆకారం పాలు కూడా ఉంటుంది. పొట్టి గుడ్డ, లోతైన వంపు, కదలడానికి చోటు లేదు. పడుకోవడానికి అంతకంటే కష్టమైన ఆకారం ఉండదు.

మరి ఊయలలోనే పుట్టి, ఊయలలోనే ముసలివాళ్ళయ్యే జనాలు ఎలా పడుకుంటున్నారు? హ్యామక్ అనే మాటే కరీబియన్ దీవుల తైనో ప్రజలది. వాళ్ళు ‘హమాకా’ అనేవాళ్ళు. 1492లో కొలంబస్ అక్కడికి చేరినప్పుడు ఇళ్ళలో ఈ వేలాడే పక్కల్ని చూశాడు. అక్కణ్ణుంచి అవి యూరప్ ఓడల్లోకి ఎక్కాయి. ఈ రోజుకీ మెక్సికోలోని యుకటాన్‌లో ఇంటి గోడలకు హ్యామక్ కొక్కేలు ఉంటాయి. అమెజాన్ నది పడవల్లో ప్రయాణికులు ఎవరి ఊయల వాళ్ళు తెచ్చుకుని కట్టుకుంటారు. అలా అలవాటైనవాళ్ళు గుడ్డ పొడుగునా, నడి గీత మీద పడుకోరు. తల ఒక పక్కకు, కాళ్ళు ఇంకో పక్కకు పెట్టి ఐమూలగా పడుకుంటారు. గుడ్డ పొడవుగా, వెడల్పుగా ఉండేది అందుకే.

రెండు గుండుసూదులు, ఒక దారం

ఐమూలగా పడుకుంటే వీపు ఎందుకు చదునుగా ఉంటుంది? “అలా పడుకోండి, బాగుంటుంది” అని చాలామంది చెబుతారు గానీ కారణం చెప్పేవాళ్ళు తక్కువ. కారణం తెలిస్తే మిగతా కొలతలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి, అందుకని దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

బడిలో రెండు గుండుసూదులు గుచ్చి, వాటికి వదులుగా దారం కట్టి, పెన్సిల్‌తో ఆ దారాన్ని బిగలాగుతూ దీర్ఘవృత్తం గీసిన గుర్తుందా? హ్యామక్‌ని ఆ దారంతోనే అర్థం చేసుకోవచ్చు. గుడ్డలో పొడుగునా ఉండే పడుగు పోగులన్నీ ఈ చివరి కుచ్చులో, అంటే గుడ్డను దగ్గరికి లాగి కట్టిన చోట, మొదలై ఆ చివరి కుచ్చులో ముగుస్తాయి. అంటే హ్యామక్ మొత్తం ఒకే పొడవున్న వేల దారాల కట్ట. నడి గీత మీద తిన్నగా పడుకుంటే తల, వీపు, నడుం, కాళ్ళు అన్నీ అవే నడిమి దారాల మీద పడతాయి. ఒకే దారం మీద పొడుగునా బరువు పరిస్తే అది గొలుసులా వంపు తిరుగుతుంది. మన వెన్ను ఆ వంపులో ఒదగక తప్పదు.

ఐమూలగా పడుకుంటే సంగతి మారుతుంది. తల ఎడమ పక్క దారాల మీద, నడుం నడిమి దారాల మీద, మడమలు కుడి పక్క దారాల మీద పడతాయి. ఒక్కో దారం ఒక్క చోట దిగితే చాలు. అంటే ఒక్కో దారం మీద ఒక్కో పెన్సిల్ పెట్టి కిందికి నొక్కినట్టు. ఆ పెన్సిళ్ళన్నీ దీర్ఘవృత్తం అడుగు భాగం మీదే ఉంటాయి. దీర్ఘవృత్తానికి అడుగు దగ్గర వంపు చాలా తక్కువ.

అంకెల్లో చూద్దాం. గుడ్డ 3.35 మీటర్లు, అంటే 11 అడుగులు. రెండు చివర్ల మధ్య దూరం 2.78 మీటర్లు. తల, మడమలు నడుం నుంచి చెరో 75 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. తిన్నగా పడుకుంటే తల, మడమలు నడుం కంటే దాదాపు 22 సెంటీమీటర్లు పైకి లేస్తాయి. ఐమూలగా పడుకుంటే అది 10 నుంచి 14 సెంటీమీటర్లకు తగ్గుతుంది. తల కింద చిన్న దిండు పెట్టుకున్నంత ఎత్తే అది. అదే నేను కొన్న 2.6 మీటర్ల గుడ్డకు లెక్క వేస్తే, తిన్నగా పడుకున్నప్పుడు 29 సెంటీమీటర్లు, ఐమూలగా పడుకున్నా 19 దాకా వస్తుంది. పొట్టి హ్యామక్‌లో ఎంత ఐమూలగా దొర్లినా పెద్ద ఊయలలో తిన్నగా పడుకున్న దానికి దగ్గర్లోనే ఆగిపోతాం. నా నడుం నొప్పికి కారణం ఆ 19లోనే ఉంది.

ఇది కాగితం మీది లెక్క. గుడ్డ సాగుతుంది, అడ్డంగా ఉండే పేక పోగులు పక్క దారాల్ని కలిపి పట్టుకుంటాయి కాబట్టి అసలు ఊయల అచ్చంగా ఇలాగే ఉండదు. తేడా ఎటువైపు ఉంటుందో మాత్రం ఈ లెక్క సరిగ్గానే చూపిస్తుంది. హ్యామక్ వాడేవాళ్ళు చెప్పే ఇంకో బాధ కూడా దీనితోనే అర్థమవుతుంది. ఐమూలగా పడుకున్నప్పుడు పిక్కల కింద గుడ్డ ఒక గట్టులా లేచి ఒత్తుకుంటుంది. నడుం కింద దిగిన నడిమి దారాలు అక్కణ్ణుంచి కాళ్ళవైపు కుచ్చు దాకా తిన్నగా, తీగలా బిగుసుకుంటాయి. ఆ తీగే పిక్కలకు తగిలే గట్టు. దీనికి మందు మూడు రకాలు: గుడ్డ పొడవు పెంచడం, కాళ్ళవైపు కట్టు ఒక జానెడు పైకి కట్టడం, మోకాళ్ళ కింద మడిచిన స్వెటర్ పెట్టుకోవడం. కాళ్ళవైపు ఎత్తు పెంచితే ఒళ్ళు కాస్త తలవైపు జరిగి పిక్కలు ఆ గట్టు నుంచి తప్పుకుంటాయి.

తోటల్లో, రిసార్టుల్లో రెండు చివర్లా అడ్డకర్ర ఉన్న ఊయలలు కనిపిస్తాయి. ఫొటోలో చదునుగా బాగుంటాయి గానీ వాటిలో మనిషి బరువు వేలాడే గీతకు దగ్గరగా, ఎత్తులో ఉంటుంది. కొంచెం పక్కకు ఒరిగితే తిరగబడతాయి. రాత్రి నిద్రకు, మోసుకెళ్ళడానికి కూడా అవి వద్దు.

పొడవు, వెడల్పు విషయంలో నేను మార్చుకోని మాట ఒకటే. ఐదు అడుగుల ఎనిమిది అంగుళాల మనిషి దాకా కుట్టిన తర్వాత 3.35 మీటర్లు, అంతకంటే పొడగరికి ఇంకో జానెడు. బాగా పొట్టివాళ్ళకు 3 మీటర్లు చాలు. వెడల్పుకు షాపులో దొరికే 58 లేదా 60 అంగుళాల పన్నా సరిపోతుంది. పొడవులో ఒక అడుగు తగ్గిస్తే మిగిలేది పాతిక గ్రాములు. ఆ పాతిక గ్రాముల కోసం నిద్ర పోగొట్టుకోవద్దు.

బిగుతుగా కడితే చదునుగా ఉంటుందనే భ్రమ

కొత్తగా కట్టేవాళ్ళు దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. ఊయల వేలాడిపోతుంటే నడుం వంగుతుంది కదా అని తాడు బిగలాగి కడతారు. ఖాళీగా ఉన్నప్పుడు అది మంచంలా చదునుగా కనిపిస్తుంది. మనిషి ఎక్కగానే రెండు అంచులూ లోపలికి ముడుచుకుని భుజాల్ని నొక్కేస్తాయి. గుడ్డలో వదులు లేకపోతే ఐమూలగా తిరగడానికి పక్క దారాలు దిగవు. నులక సాగిన మంచాన్ని బిగిస్తే బాగుపడుతుంది, ఊయల అలా కాదు.

ఇందులో ప్రమాదం కూడా ఉంది. తాడు నేలకు సమాంతరంగా ఉన్నకొద్దీ దాని మీద లాగుడు పెరుగుతుంది. 70 కిలోల మనిషిని తీసుకుందాం. తాడు 45 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు లాగుడు సుమారు 50 కిలోలు. 30 డిగ్రీలైతే సరిగ్గా 70. 15 డిగ్రీలకు 135. 10 డిగ్రీలకు 200 దాటుతుంది. 5 డిగ్రీలైతే 400 కిలోలు. మనిషి అదే, తాడు అదే, వాలు మాత్రమే మారింది. ఊయల తెగిందంటే నాసిరకం తాడు అని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తాడును తెంపేది బిగువే.

మేడ మీద పిట్టగోడకో, నీళ్ళ ట్యాంకు కింది ఇటుక స్తంభానికో కట్టాలని చూసేవాళ్ళకు ఈ లెక్క మరీ ముఖ్యం. 30 డిగ్రీల వాలులో కూడా ఆ స్తంభాన్ని పక్కకు 60 కిలోలతో లాగుతున్నారు. 10 డిగ్రీలైతే దాదాపు 200. పై నుంచి బరువు మోయడానికి కట్టిన ఇటుక పనికి ఈ పక్క లాగుడు తట్టుకునే బలం ఉండదు. స్తంభం కూలి మీద పడి ప్రాణాలు పోయిన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. గోడలకు, ఇటుక స్తంభాలకు, గేటు దిమ్మెలకు కట్టకండి. ఈ ఒక్క విషయంలో “ఏం కాదులే” అనే మాటకు చోటివ్వొద్దు.

30 డిగ్రీలు ప్రతిసారీ కంటితో కొలవడం కష్టం. దానికి చక్కటి ఉపాయం నడితాడు. దీన్నే రిడ్జ్‌లైన్ అంటారు. హ్యామక్ రెండు చివర్లనూ కలుపుతూ పైన ఒక సన్నటి, సాగని తాడు శాశ్వతంగా కట్టేస్తారు. దాని పొడవు గుడ్డ పొడవులో 83 శాతం. 3.35 మీటర్ల గుడ్డకు 2.78 మీటర్లు. అది కట్టేశాక చెట్లు దగ్గరగా ఉన్నా, దూరంగా ఉన్నా గుడ్డలో వదులు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఇంట్లో కుదిరిన నిద్ర అడవిలోనూ కుదురుతుంది. సరిగ్గా కట్టామో లేదో కూడా అదే చెబుతుంది. లోపల పడుకుని నడితాడును రెండు వేళ్ళతో వంచితే కొంచెం వంగాలి. వీణ తీగలా మోగితే మరీ బిగించారని అర్థం. పూర్తిగా వేలాడిపోతే ఇంకాస్త లాగాలి.

83 అనే అంకె దేవుడిచ్చింది కాదు. వెల్లకిలా పడుకునేవాళ్ళకు 85 నచ్చవచ్చు, పక్కకు తిరిగి ముడుచుకునేవాళ్ళకు 81 నచ్చవచ్చు. మొదటి నడితాడును సవరించుకునేలా ముడి వేసి, నాలుగైదు రాత్రులు చూశాక ఖాయం చేసుకోండి.

గుడ్డ ఎంచుకోవడం

బరువు సంగతి ఇప్పుడు. కుట్టుకు కలుపుకొని 3.5 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల పన్నా అంటే 5.25 చదరపు మీటర్లు. 130 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు 130 గ్రాములు తూగే నూలు దుప్పటి గుడ్డతో చేస్తే దాదాపు 680 గ్రాములు. 54 జీఎస్ఎం రిప్‌స్టాప్ నైలాన్‌తో 280 గ్రాములు. 34 జీఎస్ఎం పల్చటి నైలాన్‌తో 180. ఈ మూడు అంకెల మధ్యే మీ నిర్ణయం ఉంటుంది.

నూలు ఒంటికి హాయిగా ఉంటుంది, చెమట పీలుస్తుంది, గాలి ఆడుతుంది. ఇంట్లో వాడుకునే ఊయలకు దాన్ని మించింది లేదు. అడవిలో మాత్రం మంచుకు తడిస్తే బరువెక్కుతుంది, మర్నాటికి ఆరదు. నైలాన్ తేలిక, గట్టిది, కొంచెం సాగుతుంది. ఆ సాగడం వల్లే భుజాల కింద మెత్తగా ఒదుగుతుంది. పాలిస్టర్ అంతగా సాగదు, నీళ్ళు పీల్చదు. కాస్త గట్టి పక్క ఇష్టపడేవాళ్ళకు అది బాగుంటుంది. 34 జీఎస్ఎం రకాలు తేలికపాటి మనుషులకు పనికొస్తాయి గానీ బరువైనవాళ్ళ కింద మరీ సాగి, నడుం దగ్గర గుంట పడుతుంది. మొదటిసారి కుట్టేవాళ్ళు 50 నుంచి 60 జీఎస్ఎం మధ్య తీసుకోవడమే మేలు. 100 గ్రాములు ఎక్కువైనా రాత్రికి భయం లేకుండా నిద్రపోతారు.

రిప్‌స్టాప్ అంటే గుడ్డలో చిన్న చిన్న గళ్ళుగా లావుపాటి పోగు వేసి నేసింది. ముల్లు గుచ్చుకుని చిరిగితే చిరుగు ఆ గడి దగ్గర ఆగుతుంది. టెంట్లకూ వానకోట్లకూ వాడే రకాలకు లోపలివైపు ప్లాస్టిక్ పూత ఉంటుంది. అది ఊయలకు వద్దు. ఒంటి ఆవిరి బయటికి పోక వీపు తడిసిపోతుంది. షాపులో గుడ్డను నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి. గాలి అవతలికి పోతే తీసుకోండి. రెండు చేతుల బొటనవేళ్ళతో అడ్డంగా గట్టిగా లాగి చూడండి. పోగులు పక్కకు జరిగి సందులు కనిపిస్తే ఆ నేత నమ్మకమైనది కాదు.

కుట్టు పని చెప్పుకోవడానికి పెద్దగా లేదు. రెండు పొడుగు అంచుల్ని రెండు మడతలు వేసి తిన్నగా కుట్టాలి. పన్నా అంచు నేత గట్టిగా ఉంటే అది కూడా అక్కర్లేదు. వెడల్పు చివర్లను నాలుగు సెంటీమీటర్ల మేర మడిచి, చీరలకు ఫాల్ వేసినట్టు కాకుండా మూడు వరసల కుట్టుతో తాడు దూరే గొట్టంలా కుట్టాలి. పాలిస్టర్ దారం వాడండి. నూలు దారం ఎండకు, తడికి పాడై తెగుతుంది. సన్న సూది వాడండి, లావు సూది పల్చటి నైలాన్‌లో రంధ్రాలు చేస్తుంది. కుట్టు మరీ దగ్గర దగ్గరగా వేస్తే స్టాంపు కాగితంలా ఆ గీత వెంటే చిరుగుతుంది. గొట్టంలో తాడు దూర్చి లాగే ముందు గుడ్డను చీర కుచ్చిళ్ళు సర్దినట్టు సమంగా సర్దాలి. కుచ్చిళ్ళు ఒక పక్కే పోగైతే ఊయల ఒక పక్కకే లాగుతుంది. బరువంతా ఈ కుచ్చు మీదే ఉంటుంది కాబట్టి అక్కడ తొందరపడొద్దు.

తాడు, పట్టీ

కిరాణా షాపుల్లో దొరికే పసుపు, నీలం ప్లాస్టిక్ తాళ్ళు బరువు కింద గంటల తరబడి మెల్లగా సాగుతూనే ఉంటాయి. రాత్రి పదింటికి కుర్చీ ఎత్తులో ఉన్న నడుం తెల్లారేసరికి నేలకు ఆనుతుంది. నైలాన్ తాడు కూడా సాగుతుంది. హ్యామక్‌కు ఇప్పుడు ఎక్కువగా వాడేది డైనీమా రకం తాడు. పాలిథిన్ కుటుంబంలోదే అయినా దాని అణువుల గొలుసులు విపరీతమైన పొడవు, అన్నీ ఒకే దిశలో పేర్చి ఉంటాయి. ఇందులో పేరున్న ఆమ్‌స్టీల్ తాడు మూడు మిల్లీమీటర్ల కన్నా సన్నటి రకమే 700 కిలోలకు పైగా తట్టుకుంటుంది. మీటరు అయిదు గ్రాములు కూడా ఉండదు.

దానికి రెండు బలహీనతలున్నాయి. ఒకటి, జారుడు. మామూలు ముడి వేస్తే జారిపోతుంది, నిలిచినా ముడి దగ్గర బలం బాగా పడిపోతుంది. అందుకని ముడికి బదులు తాడు కొసను దాని కడుపులోకే దూరుస్తారు. ఈ తాడు లోపల బోలుగా అల్లి ఉంటుంది. సన్నటి తీగను సగానికి మడిచి సూదిలా చేసి, కొసను జానెడు పొడవు లోపలికి లాగేస్తే, బరువు పడేకొద్దీ పై అల్లిక లోపలి కొసను మరింత గట్టిగా పట్టుకుంటుంది. వదులైనప్పుడు ఊడకుండా నాలుగు కుట్లు వేయాలి. వూపీ స్లింగ్ అనే సవరించుకునే తాడు కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. చేయడం ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. రెండో బలహీనత వేడి. ఇది సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. తాడు మీద తాడు వేగంగా రాసుకుంటే ఆ వేడికే దెబ్బతింటుంది. మంట దగ్గర ఊయల కట్టకూడదనడానికి నిప్పురవ్వలు ఒక్కటే కారణం కాదు.

ఈ సన్న తాడును నేరుగా చెట్టుకు చుట్టొద్దు. బెరడును కోసుకుపోతుంది. బెరడు కిందే చెట్టు పెరిగే పొర ఉంటుంది, అది చుట్టూరా నలిగితే చెట్టు చచ్చిపోవచ్చు. చెట్టుకు కనీసం అంగుళం వెడల్పున్న పాలిస్టర్ పట్టీ చుట్టాలి. మంచాలకు అల్లే నవారు లాంటిదే, కాకపోతే నూలు నవారు తడికి కుళ్ళుతుంది కాబట్టి పాలిస్టర్‌ది. పట్టీకి, ఊయలకు మధ్య కొక్కెంగా బరువు అంకె చెక్కి ఉన్న కారబినర్లే (తెరిచి మూసే లోహపు కొక్కేలు) వాడండి. తాళంచెవులకు తగిలించుకునే అల్యూమినియం కొక్కేలు చూడటానికి అలాగే ఉంటాయి గానీ మనిషి బరువుకు విడిపోతాయి.

54 జీఎస్ఎం గుడ్డ, నడితాడు, రెండు వైపులా తాళ్ళు, రెండు పట్టీలు, కొక్కేలు అన్నీ కలిపితే సుమారు 450 నుంచి 500 గ్రాములు వస్తుంది. లీటరు నీళ్ళ సీసాలో సగం బరువు.

చెట్ల మధ్య నాలుగు నుంచి నాలుగున్నర మీటర్లు ఉంటే పట్టీని మన తల ఎత్తులో కడితే చాలు, వాలు దానంతటదే 30కి దగ్గరగా వస్తుంది. కూర్చున్నప్పుడు కుర్చీ ఎత్తులో ఉండాలి, అంతకు మించి వద్దు. కట్టే ముందు పైకి చూడండి. ఎండు కొమ్మలున్న చెట్టు, కాయలున్న కొబ్బరి చెట్టు వద్దు. నల్లమలలోని పులుల అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి బస చేయడం నేరం.

కింద నుంచి వచ్చే చలి

ఊయలలో మొదటిసారి చలికాలం పడుకున్నవాళ్ళు ఆశ్చర్యపోయే విషయం ఇది. రెండు దుప్పట్లు కప్పుకున్నా వీపు గడ్డకడుతుంది. దుప్పటి వెచ్చదనం దూదిది కాదు, దూది మధ్య కదలకుండా నిలిచిన గాలిది. ఒంటి కింద నలిగిన దుప్పటిలో ఆ గాలి ఉండదు. నేల మీదైతే కనీసం కింద గాలి వీచదు, ఊయల కింద రాత్రంతా వీస్తూనే ఉంటుంది. 20 డిగ్రీల దగ్గరే వీపుకు చలి తెలియడం మొదలవుతుంది. మన మైదానాల్లో ఏడాదిలో ఎక్కువ రాత్రులు ఆ గాలే మనకు వరం. ఏప్రిల్‌లో పరుపు మీద చెమటతో దొర్లే బదులు ఊయలలో వీపు చల్లగా నిద్రపోవచ్చు. డిసెంబరులో లంబసింగికో అరకుకో వెళ్ళినప్పుడు మాత్రం ఏర్పాటు తప్పదు.

తేలిక మార్గం ఫోమ్ చాప. యోగా చాప కాదు, ట్రెక్కింగ్‌కు అమ్మే తేలికపాటి ఫోమ్. ఒకే పొర గుడ్డలో అది రాత్రంతా జారుతూ ఉంటుంది. అందుకని గుడ్డను రెండు పొరలుగా కుట్టి, చాపను మధ్యలోకి దూర్చేవాళ్ళున్నారు. బరువు 250 గ్రాముల పైనే పెరుగుతుంది. చలి ప్రాంతాల్లో తరచూ తిరిగేవాళ్ళకు అడుగు బొంత మేలు. అంటే ఊయల కింద, బయటివైపు, సాగే తాడుతో వేలాడదీసే బొంత. మన ఒంటి బరువు దాని మీద పడదు కాబట్టి అందులోని గాలి నలగదు. అది గుడ్డను తాకుతూ ఉండాలి, నొక్కకూడదు. మధ్యలో సందు ఉంటే చలిగాలి అక్కడికి దూరుతుంది.

దోమల విషయంలో ఒక హెచ్చరిక. పల్చటి నైలాన్ ఒంటికి అతుక్కున్న చోట దోమ గుడ్డ లోంచే కుడుతుంది. పైన మాత్రమే కప్పే దోమతెర సరిపోదు. ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా ఇప్పటికీ ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఊయల మొత్తాన్ని గొట్టంలా చుట్టేసే దోమతెర కుట్టుకోండి, లేదా రెండు పొరల గుడ్డ వాడండి. వానకు పైన టార్ప్ (నీళ్ళు దిగని గుడ్డ) కడితే సరిపోతుందనుకుంటాం, కానీ చెట్టు మీంచి కారే నీళ్ళు పట్టీ వెంట జారి తిన్నగా ఊయలలోకి వస్తాయి. టార్ప్ నీడలో ఉన్న చోట ఆ తాడుకు చిన్న నూలు దారం కట్టి వేలాడదీస్తే నీళ్ళు దాని వెంట కింద పడిపోతాయి.

మరి నిద్ర నిజంగా మెరుగవుతుందా? 2011లో జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 మందిని 45 నిమిషాల పాటు మెల్లగా ఊగే పక్క మీద, ఊగని పక్క మీద పడుకోబెట్టి మెదడు తరంగాలు కొలిచారు. ఊగే పక్క మీద త్వరగా నిద్ర పట్టింది, నిద్ర గాఢమయ్యే దారిలోని రెండో దశ ఎక్కువసేపు ఉంది. అది పగటి కునుకు, పన్నెండు మందే, పైగా వాళ్ళు పడుకుంది చదునైన పక్క మీద. నడుం విరిగే ఊయలకు ఆ ఫలితం వర్తించదు. బోర్లా పడుకుంటే తప్ప నిద్ర పట్టనివాళ్ళకు ఊయల కుదరదు. వెన్నుపూస జబ్బులున్నవాళ్ళు డాక్టర్‌ని అడిగే ప్రయత్నించాలి.

కుట్టడం అయ్యాక నేరుగా అడవికి వెళ్ళకండి. మొదట ఊయల నేలకు జానెడు ఎత్తులో ఉండేలా కట్టి, కింద పరుపు వేసి, మెల్లగా బరువు మోపండి. ఆ తర్వాత పెరట్లోనో, తెలిసినవాళ్ళ తోటలోనో నాలుగైదు రాత్రులు పడుకోండి. తల ఎడమకు పెట్టి ఒక రాత్రి, కుడికి పెట్టి ఒక రాత్రి చూడండి. చాలామందికి ఏదో ఒక వైపే కుదురుతుంది. మధ్యరాత్రి మెలకువ వస్తే ఎక్కడ నొప్పిగా ఉందో గుర్తుపెట్టుకోండి. పిక్కలైతే కాళ్ళవైపు పట్టీ పైకి జరపండి. భుజాలైతే తాడు వదులు చేయండి. నడుమైతే ఇంకొంచెం ఐమూలగా తిరగండి, దానికీ తగ్గకపోతే నడితాడు రెండు వేళ్ళు పెంచండి. నాకు అయిదో రాత్రికి కుదిరింది. కాళ్ళవైపు కట్టు తలవైపు కన్నా ఒక జానెడు, నాలుగు వేళ్ళు ఎత్తు. ఆ కొలత మళ్ళీ మర్చిపోకుండా ఒక పుల్లకు గాటు పెట్టి పట్టీల సంచిలోనే ఉంచుకున్నాను, చీకట్లో కట్టినా తడిమి చూసుకోవచ్చని.